ఏడో గడిలో రాసిన మాట

2020 జూన్ 15, సోమవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. ఆ వేళకి మా ఆఫీసు కిటికీ ముందు ఒక ముసలాయన నిలబడ్డాడు. ఆయన వెనక నాలుగడుగుల దూరంలో ఆయన కోడలు. ఇన్నేళ్ళ తర్వాత నిమిషాలతో సహా ఎలా గుర్తుందని అడుగుతారేమో. గుర్తుండటం కాదు, రాసి ఉంది. లాక్‌డౌన్ సడలించాక ఆఫీసుకి వచ్చే ప్రతి మనిషి పేరూ, వచ్చిన వేళా, ఒంటి వేడీ రిజిస్టరులో ఎక్కించాలని ఉత్తర్వు. ఆ రిజిస్టరు రాసేది నేనే. నా సొంత డైరీలో కూడా రాసుకునేదాన్ని. ముసలాయన ఒంటి వేడి తొంభై ఏడు పాయింట్ నాలుగు. కోడలిది తొంభై ఎనిమిది.

నేను సూరత్‌లోనే పుట్టాను. మా నాన్న కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి మరమగ్గాల కార్ఖానాలో నేత పని చేశాడు. నేను చదువుకుని ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ముప్పై నాలుగేళ్ళు చేసి 2021 జనవరి 31న హెడ్ క్లర్కుగా దిగిపోయాను. ఆ ముప్పై నాలుగేళ్ళలో తెలిసి తెలిసి నేను రాసిన అబద్ధం ఒక్కటే ఉంది. ఆరు మాటల వాక్యం. కొత్తగా బల్ల ముందు కూర్చుంటున్న మీకు దాని గురించి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. రాయబోయిన ప్రతిసారీ చెయ్యి ఆగిపోయేది.

కరోనా వల్ల ప్రదర్శనలు ఆగిపోయిన కళాకారులకు ప్రభుత్వ సాయం అంటూ ఆ ఏడు మే నెలాఖరులో ఒక పథకం కాగితాలు మా ఆఫీసుకి వచ్చాయి. నాలుగు పేజీల ఫారం, గుజరాతీలో. మనిషికి మూడు వేలు. ప్రదర్శనకు వాడే సామగ్రి పాడైపోయి ఉంటే దానికి విడిగా ఇరవై ఐదు వేలు. దరఖాస్తులు పరిశీలించే పని నాకూ, నా పక్క బల్ల గుమాస్తాకీ పడింది. అతను నలభై ఏళ్ళ గుజరాతీ. ఆదివారం డుమస్ వెళ్ళి సముద్రం ఎదురుగా టమాటా భజియాలు తినకపోతే వారం మొదలైనట్టే ఉండదనే మనిషి. మూడు నెలలుగా డుమస్ లేదు కాబట్టి మూడు నెలలుగా తనకి సోమవారం రాలేదనేవాడు.

ఎవరు కళాకారులు, ఎవరు కారు అన్నది మా ఇద్దరికీ పెద్ద తలనొప్పి. గర్బా పాడేవాళ్ళు వచ్చారు, పెళ్ళి బ్యాండు వాళ్ళు వచ్చారు, బొమ్మలాట వాళ్ళు వచ్చారు. దసరాకి రావణుడి వేషం కట్టే ఒకాయన వేషంలో ఉన్న ఫోటో జతచేశాడు.

"బెన్, పది తలలున్నాయి. ఆధార్ కార్డు మీద ఉన్నది ఇందులో ఏది?" అన్నాడు పక్క బల్ల గుమాస్తా. బెన్ అంటే అక్క, ఆఫీసులో నన్ను అలాగే పిలిచేవారు.

"మధ్యది," అన్నాను.

"మధ్యది మీసాల వెనక ఉంది. తిరగ్గొట్టేయనా?"

"మీసాలు తీసి ఇంకో ఫోటో ఇమ్మను. తిరగ్గొట్టకు."

అలా ఉండేది మా పని. నవ్వుకునేవాళ్ళం. నవ్వుకుంటూనే రోజూ మధ్యాహ్నం నగరంలో ఎంతమంది పోయారో ఫోనులో చూసుకునేవాళ్ళం.

ముసలాయన కిటికీ దగ్గర చేతులు జోడించాడు. "నమస్తే తల్లీ. ఈడ తెలుగు మాట్లాడేటి మేడం ఉన్నరని చెప్పిండ్రు."

"నేనే. ఏం పని?"

"పటం కథ చెప్పెటోల్లం. శివరాత్రి ముంగట వచ్చినం. మూడిండ్లకు చెప్పినం, అంతట్ల అన్ని బంద్ వెట్టిండ్రు. గిట్ల ఇరుక్కపోయినం."

ఆ మాటతో నాకు అంతా అర్థమైంది. మీకు అర్థం కావాలంటే కొంత చెప్పాలి. మా నేతపని కులం పుట్టుక కథ చెప్పడానికి ఒక కుటుంబం ఉంటుంది. వాళ్ళు మాకు తప్ప ఇంకెవరికీ చెప్పరు, మేమూ ఆ కథ ఇంకొకరి నోట వినం. గుడ్డ మీద నిలువునా బొమ్మలు గీసిన పొడవాటి పటం వాళ్ళ దగ్గర ఉంటుంది. దాన్ని కర్రకి కట్టి, చుట్ట విప్పుకుంటూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ మూడు రోజులు కథ చెబుతారు. ఏ కుటుంబం ఏ ఊళ్ళకి వెళ్ళాలో తాతల నాడే పంచుకున్నారు. ఆ ఊళ్ళవాళ్ళు మగ్గాల వెంట సూరత్ వస్తే, పటం వాళ్ళు కూడా ఏడాదికోసారి సూరత్ వస్తారు. పాండేసరలో, భేస్తాన్‌లో మా వాళ్ళ గల్లీల్లో కర్ర పాతి కథ మొదలుపెడతారు. ఇంటింటా బియ్యం, బట్టలు, డబ్బు ఇస్తారు. వాళ్ళకి అదే ఏడాది తిండి. ఉద్యోగంలో చేరాక నేను ఆ గల్లీలకి దూరమై, కథ వినడం మానేసి చాలా ఏళ్ళయింది.

ఆ ఏడు మగ్గాలు ఆగిపోయాయి. కథ వినవలసినవాళ్ళే రైళ్ళలో, లారీల్లో ఊళ్ళకి వెళ్ళిపోయారు. ముసలాయన, ఆయన తమ్ముడు, కొడుకు, కోడలు, మద్దెల వాయించే అన్నకొడుకు, ఈ ఐదుగురూ భేస్తాన్‌లో ఒక రేకుల గదిలో చిక్కుకుపోయారు. జూన్ మొదటి వారం వానకి రేకు కారి పటం ఒక కొస తడిసింది. అది బాగుచేయించుకోవాలి, వచ్చే ఏడు దాకా బతకాలి. పటం ఉన్నంతకాలం వాళ్ళు కథకులు. అది లేకపోతే సూరత్‌లో ఐదుగురు కూలీలు, అంతే.

"మీ ఇంటిపేరేంది తల్లీ?" అని అడిగాడు.

చెప్పాను. ఊరి పేరు కూడా చెప్పాను. ఆయన కిటికీ ఊచలు పట్టుకుని ముందుకి వంగాడు.

"మామా, దూరం! దూరం నిలవడు!" అని కోడలు వెనక నుంచి కేకేసింది.

ఆయన వినలేదు. "పెద్దింటి బిడ్డవా! మీ తాత ఇంటి వాకిట్లనే మా పటం మొదలు విప్పేది. మీ ఇంట్ల చెప్పినంకనే ఊరికి చెప్పేది. ఎవ్వరున్నరు తల్లీ ఇప్పుడు ఆ ఇంట్ల?"

"ఎవరూ లేరు. మా చిన్నాన్న 2014లో పోయాడు. నేనొక్కదాన్నే."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకు సంతోషం కలిగిందని దాచకుండా చెబుతున్నాను. ముప్పై నాలుగేళ్ళు నన్ను బెన్ అన్నవాళ్ళున్నారు, పిన్ని వరసతో మాసీ అన్నవాళ్ళున్నారు. పెద్దింటి బిడ్డ అన్నది ఆయనొక్కడే.

ఫారం ప్రకారం ఆయన దరఖాస్తు మొదటి పేజీలోనే ఆగిపోవాలి. దరఖాస్తుదారు ఈ జిల్లా నివాసి అయి ఉండాలి అని ఉంది. నేను మార్గదర్శకాలు మొత్తం చదివాను. మూడో పేజీ అడుగున, 'లేక, గత ఐదేళ్ళుగా ఈ జిల్లాలో ప్రదర్శనలు ఇస్తున్నవారు' అని దొరికింది. భేస్తాన్‌లో మిగిలిన నేతగాళ్ళ చేత పదకొండు సాక్ష్య పత్రాలు రాయించాను. పక్క బల్ల గుమాస్తా చూసి, "బెన్, మీ మేనమామ కొడుకు కోసమైనా ఇంత చెయ్యరు," అన్నాడు.

జూన్ 17, బుధవారం, సామగ్రి చూపించడానికి పటం తెమ్మన్నాను. కొడుకూ, ముసలాయనా దాన్ని తెల్లటి గుడ్డలో చుట్టి భుజాల మీద మోసుకొచ్చారు, వెనక కోడలు. కారిడార్‌లో విప్పమన్నాను.

"దీపం ముట్టియ్యాలె తల్లీ. ఊదుబత్తి ఉన్నా చాలు."

"ఆఫీసులో నిప్పు వెలిగించకూడదు. ఒంటిగంటకి సాహెబ్ వస్తారు. విప్పండి."

ఆయన నేలకి దండం పెట్టి విప్పాడు. నేల మీద పరచనివ్వలేదు. కొడుకు ఒక కొస, ఆయన ఒక కొస పట్టుకుని, చుట్ట కొంచెం కొంచెం విప్పుతూ ఉంటే నేను టేపుతో కొలుస్తూ వచ్చాను. పక్క బల్ల గుమాస్తా అంకెలు రాసుకున్నాడు. ఎర్ర రంగు నేల, దాని మీద మనుషులు, ఏనుగులు, మగ్గాలు. మొదటి బొమ్మ దగ్గర ముసలాయన గొంతు సవరించుకుని కథ ఎత్తుకున్నాడు. మాస్కు లోంచే రాగం వచ్చింది. పై అంతస్తు మెట్ల మీద ప్యూను ఆగిపోయి చూశాడు.

"కథ వద్దు పెద్దయ్యా. కొలత కానీ," అన్నాను.

ఆయన ఆపేశాడు.

బొమ్మలు లెక్కపెట్టాను. చివరి రెండు బొమ్మల దగ్గర తడికి రంగు లేచిపోయి, గుడ్డ అంచు పిగిలి ఉంది. మిగిలినవన్నీ బాగున్నాయి. వెలిశాయి కానీ బాగున్నాయి.

ఇప్పుడు ఏడో గడి. సామగ్రి పరిస్థితి అని ఉంటుంది. దాని కింద మూడు మాటలు: బాగుంది, మరమ్మతు కావాలి, పూర్తిగా పనికిరాదు. ఏదో ఒకటి ఎంచుకుని కింద ఒక వాక్యం రాయాలి. ఇరవై ఐదు వేలు మూడోదానికి మాత్రమే. మరమ్మతుకి ఏమీ లేదు. ఎందుకు లేదో ఆ రోజూ తెలియదు, ఈ రోజూ తెలియదు.

నేను పెన్ను పట్టుకుని కొంతసేపు కూర్చున్నాను. పక్క బల్ల గుమాస్తా అన్నాడు, "రాసేయండి బెన్. సగం ఆర్కెస్ట్రాల వాళ్ళు కొత్త స్పీకర్లు చచ్చిపోయాయని రాశారు. మనం పట్టుకున్నామా?"

రాశాను. 'పటం పూర్తిగా చెడిపోయింది, ఇక కథకు పనికిరాదు.' గుజరాతీలో రాశాను. తర్వాత, నా అలవాటు ప్రకారం, దరఖాస్తుదారుకి వాళ్ళ భాషలో చదివి వినిపించాను. చదువు రాని మనిషి చేత చదివి వినిపించకుండా నేనెప్పుడూ వేలిముద్ర వేయించలేదు. ఆ అలవాటు గురించి కొత్తవాళ్ళకి గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

ఆరు గడుల దాకా ఆయన తలూపుతూ విన్నాడు. ఏడోది వినగానే తల ఊపడం ఆగింది.

"ఈ మాట మీరంటున్నరా తల్లీ?"

"నేనే అంటున్నాను."

"మీరే చూసి అంటున్నరా?"

"చూసే కదా రాశాను. భయం లేదు పెద్దయ్యా, వేలు పెట్టు."

అబద్ధం రాసినందుకు కేసు అవుతుందని భయపడుతున్నాడనుకున్నాను. కోడలు కిటికీ దగ్గరకి వచ్చింది. "అమ్మా, జర ఆ మాట వేరే తీరుగ రాయరాదా?"

"ఫారంలో ఉన్న మాటే రాయాలి. వేరే తీరు లేదు."

"కొస తడిసిందని రాస్తే?"

"రాస్తే రూపాయి రాదు. రాయమంటావా?"

ఆమె మామ ముఖం చూసింది. ఆయన అప్పటికే వేలికి సిరా అద్దుకుంటున్నాడు. నేను దాని పక్కన సంతకం చేసి ఆఫీసు ముద్ర వేశాను. ఆయన ఆ ముద్ర వైపు చాలాసేపు చూశాడు. పటం చుట్టి, తెల్లగుడ్డలో కట్టి, ఇద్దరూ భుజాలకెత్తుకుని వెళ్ళిపోయారు. వచ్చేటప్పుడు కొడుకు ముందు నడిచాడు. వెళ్ళేటప్పుడు ముసలాయన ముందు నడిచాడు. అది నేను గమనించాను. గమనించి ఏమీ అనుకోలేదు.

సామగ్రిని కళ్ళారా చూసి ఫోటో తీయడానికి ఇద్దరం దరఖాస్తుదారు ఇంటికి వెళ్ళాలి, ఆ ఫోటో పరిశీలన రోజుదే అయి ఉండాలి అని నిబంధన. అందుకని కారిడార్‌లో ఫోటో తీయలేదు. పటం చేతిలో ఉంది, ఫోను జేబులో ఉంది, తీయలేదు. ఆ తొమ్మిది రోజులూ నేను ఉల్లాసంగా ఉన్నాను. మా ఇంటి కథ చెప్పేవాళ్ళకి ఇరవై ఐదు వేలూ, ఐదుగురికి కలిపి పదిహేను వేలూ ఇప్పిస్తున్నాను కదా.

జూన్ 26, శుక్రవారం, పదిన్నరకి ఆఫీసు జీపులో భేస్తాన్ వెళ్ళాం. వాన పడి ఆగింది. గల్లీలో మగ్గాల చప్పుడు లేదు. ఆ గల్లీలో మగ్గం చప్పుడు లేకుండా నేను ఎప్పుడూ నడవలేదు, నా చెప్పుల చప్పుడు నాకే వినపడింది.

గది ముందు ముసలాయన కూర్చుని ఉన్నాడు. తల నున్నగా గొరిగి ఉంది. మీసం లేదు. పక్కన కొడుకు, అతని తలా గొరిగి ఉంది.

పక్క బల్ల గుమాస్తా నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. ఆడవాళ్ళ చెయ్యి ఎప్పుడూ ముట్టుకోని మనిషి. "బెన్, ఆగండి. ఇంట్లో కేసు అయింది. ఎవరో పోయారు. బస్, ఇక్కడినుంచే మాట్లాడండి."

నేను ఉన్నచోటే నిలబడి మనుషుల్ని లెక్కపెట్టాను. ముసలాయన, కొడుకు. లోపల గోడకి ఆనుకుని తమ్ముడు. పొయ్యి దగ్గర కోడలు. మద్దెల వాయించే అతను నీళ్ళ బిందెతో గల్లీ చివర నుంచి వస్తున్నాడు. ఐదుగురు. మళ్ళీ లెక్కపెట్టాను. ఐదుగురూ ఉన్నారు.

"ఎవరు పోయారు పెద్దయ్యా?"

ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. నాకు తెలియకపోవడమేమిటన్నట్టు.

"పటం, తల్లీ. నిన్న పొద్దుగాల గంగల కలిపినం."

సూరత్‌లో మా వాళ్ళు తాపీ నదిని కూడా గంగ అంటారు. నాకు మాట అర్థమైంది, విషయం ఎక్కలేదు. "కలపడమేంటి? దేన్ని?" అని అడిగాను. ఎన్నిసార్లు అడిగానో తెలియదు. ఆ రోజు డైరీలో నేను రాసుకోని అంకె అదొక్కటే.

ఆయనే నెమ్మదిగా చెప్పాడు. పొద్దున ఐదున్నరకి బయలుదేరి ఐదుగురూ నడిచి నది దాకా వెళ్ళారు. దారిలో ఒక కానిస్టేబులు ఆపాడు. తెల్లగుడ్డలో ఏముందని అడిగాడు. మా పెద్దమనిషి అని చెప్పాడట ముసలాయన. కానిస్టేబులు దగ్గరకి రాలేదు. వెంట వెళ్ళేవాళ్ళు ఇరవైమందికి మించకూడదని, దూరం నుంచే కర్రతో ఐదుగురిని లెక్కపెట్టుకుని పొమ్మన్నాడు. నీళ్ళ ఒడ్డున పసుపూ కుంకుమా పెట్టి, చివరి సారి మొదటి బొమ్మ దగ్గర నాలుగు మాటలు చెప్పి, నీళ్ళలో వదిలేశారు. వెంటనే మునగలేదట. కొంత దూరం విచ్చుకుంటూ పోయిందట.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. 1971లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఊరికి వెళ్ళినప్పుడు మా తాత వాకిట్లో ఒక పాత పటం విప్పించి, అంతా చూసి, "ఇక కథకు పనికిరాదు, పంపించుండ్రి," అన్నాడు. ఆ సాయంత్రం వాగు దగ్గర పెద్దవాళ్ళంతా ఒక గుడ్డచుట్ట కోసం ఏడుస్తుంటే నాకూ, ఇప్పుడు లేని మా అక్కకీ నవ్వు ఆగలేదు. పటానికి కాలం తీరిందని పటం వాళ్ళు తమంతట తాము అనకూడదు. కథ వినే పెద్దింటి వాళ్ళు చూసి అనాలి. అన్నాక అది ఇంట్లో ఉండకూడదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి, యాభై ఏళ్ళు ఎక్కడో పెట్టి మరిచిపోయాను. నేనే చూశాను, నేనే అన్నాను, ముద్ర కూడా వేశాను.

"కొత్తది లేకుండా ఎలా పంపించారు?" అని అడిగాను. ఎందుకంటే, పాత పటాన్ని ఎదురుగా పెట్టుకుని, బొమ్మ చూసి బొమ్మ గీసి కొత్తది తయారు చేస్తారు. ఆ తర్వాతే పాతది నీళ్ళకి వెళుతుంది. అది కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"బండ్లు లేవు, రైళ్ళు లేవు. గీసెటోల్లు ఆడ ఉన్నరు, మేం ఈడ ఉన్నం. ఎప్పుడు వోతమో ఎరుక లేదు. మీరు అనకపోతె ఉంచుకుందుము తల్లీ. అన్నంక అది పీనుగ. పీనుగను ఇంట్ల వెట్టుకొని ఎన్ని నెలలు కూసుంటం?"

కోడలు పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "నేను చెప్పిన. కాగితం మీది మాట వేరు, వాకిట్ల మాట వేరు అని చెప్పిన. పైసల కోసం రాసిండ్రు మామా అన్న. వినలే. సర్కారు ముద్ర, పెద్దింటి బిడ్డ నోరు, రెండూ ఒక్కటే మాట అన్నయి, ఇంక ఎవర్ని అడుగుదు అన్నడు. రెండు బొమ్మలమ్మా! తడిసినయి రెండే బొమ్మలు! మీరే లెక్కవెట్టిండ్రు గదా!"

"ఏయ్, ఊకో," అన్నాడు ముసలాయన. తర్వాత నా వైపు తిరిగాడు. నేను ఏడుస్తున్నానని అప్పుడే నాకూ తెలిసింది. "ఏడ్వకు బిడ్డా. దానికి యాభై ఏండ్లయినయి. ఇంటికి వొయి తలకు వోసుకో. మీ ఇంటిది గూడ గదా అది."

ఆయన నన్ను ఓదారుస్తున్నాడు. చావు ఇంట్లో దగ్గరవాళ్ళని ఓదార్చినట్టు.

పక్క బల్ల గుమాస్తాకి తెలుగు రాదు. జీపు ఎక్కాక గుజరాతీలో అంతా చెప్పాను. పాండేసర దాటాం. తర్వాత, "రాసేయమన్నది నేనే, బెన్," అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఫైలు మీద జోకు వేయలేదు.

ఆఫీసుకి వెళ్ళి నేరుగా సాహెబ్ గదిలోకి వెళ్ళాను. మా సాహెబ్ చెడ్డవాడు కాదు. ఆ నెలలో తన తమ్ముణ్ణి పోగొట్టుకుని, మూడో రోజే పనిలోకి వచ్చిన మనిషి.

"ఏడో గడిలో నేను రాసింది అబద్ధం సాహెబ్. రెండు బొమ్మలే చెడ్డాయి. నా అబద్ధం వల్ల పటమే పోయింది. అదే రాసి ఇస్తాను."

ఆయన ఫైలు మూశాడు. "అబద్ధమని మీరు రాస్తే అది తప్పుడు దరఖాస్తు అవుతుంది బెన్. వాళ్ళకి మనిషికి మూడు వేలు కూడా పోతాయి. వేలిముద్ర వాళ్ళది. కేసు వాళ్ళ మీద పడుతుంది. మీ పెన్షన్ కాగితాలు ఆగుతాయి. ఎవరికి ఏం వస్తుంది? సామగ్రి పరిశీలనకు లభ్యం కాలేదని రాయండి. అది నిజమే కదా."

నిజమే. నాలుగూ ఇరవై ఐదు దాకా నా బల్ల దగ్గర ఊరికే కూర్చున్నాను. తర్వాత 'సామగ్రి పరిశీలనకు లభ్యం కాలేదు' అని రాసి సంతకం చేశాను. కనీసం పదిహేను వేలు వస్తాయనుకున్నాను. నిజం రాయకపోవడానికి నాకు నేను చెప్పుకున్న కారణం అదే. పెన్షన్ సంగతి ఆ కారణం వెనక ఎంత ఉందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆగస్టు 6, గురువారం, మంజూరు జాబితా వచ్చింది. మీసాలు తీసిన రావణుడు ఉన్నాడు. స్పీకర్లు చచ్చిపోయిన ఆర్కెస్ట్రాలు నాలుగూ ఉన్నాయి. మా ఐదుగురూ తిరస్కరించినవాళ్ళ జాబితాలో ఉన్నారు. కారణం ఒక్క వరుసలో ఉంది: కళా సామగ్రి లేనందున దరఖాస్తుదారులు కళాకారులుగా నిర్ధారణ కాలేదు.

నేను ఆ వరుసని మూడుసార్లు చదివాను. పటం లేదు కాబట్టి కథకులు కారు. ముసలాయన అదే మాట తన తీరులో అనుకుని గుండు చేయించుకున్నాడు. గాంధీనగర్ నుంచి వచ్చిన కాగితం కూడా అదే అంది. ఆ ఇద్దరి మధ్యా కూర్చున్న నాకే అర్థం కాలేదు.

డిసెంబరులో బొమ్మలు గీసే కుటుంబం ఫోను నంబరు సంపాదించాను. ఎంతైనా నేనే ఇస్తాను, కొత్త పటం గీయమన్నాను. అవతల మాట్లాడిన అతను చాలా మర్యాదస్తుడు. "పాతది ఎదురుంగ లేకుండ ఎట్ల గీస్తనమ్మా? అది మా తాత గీసింది. మా నాయిన నోటికి చెప్పేటోడు, ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ అని. ఆయన మొన్న ఆగస్టుల కరోనాతోని పోయిండు. గోడకు తగిలించేటియి చిన్నయి కావాలంటె పంపుత."

రిటైర్ అయ్యాక నోటుబుక్కు తీసుకుని భేస్తాన్ వెళ్ళి కూర్చున్నాను. ముసలాయన చెబితే రాసుకుందామని. వారానికి రెండు రోజులు, ఏడు వారాలు. ఈసారి ఆయన్ని నేను ఎక్కడా ఆపలేదు. పంతొమ్మిది బొమ్మల దాకా చెప్పాడు. ఇరవయ్యో బొమ్మ దగ్గర ఆగి, ఎదుటి గోడ వైపు చూస్తూ చెయ్యి ఇలా పైకెత్తాడు, చుట్ట విప్పేటప్పుడు ఎత్తినట్టు. గోడ మీద ఏమీ లేదు.

"బొమ్మ కనవడితె కథ వస్తది బిడ్డా," అన్నాడు. "మీరు కొలిసిండ్రు గదా. ఇర్వయ్యోది ఏముండె?"

కారిడార్‌లో ఆ పటం మొత్తం నా చేతుల మధ్య నుంచి వెళ్ళింది. ఇరవయ్యో బొమ్మని నేను వేలితో తాకి, ఇరవై అని లెక్కపెట్టాను. అందులో ఏముందో చెప్పలేకపోయాను.

వాళ్ళు ఊరికి తిరిగి వెళ్ళలేదు. కథ లేకుండా ఆ ఊళ్ళకి ఏ ముఖంతో పోతామన్నారు. కొడుకు పాండేసరలో రంగుల మిల్లులో చేరాడు. మద్దెల వాయించే అతను మగ్గం నేర్చుకున్నాడు. కోడలు ఇంట్లో చీరలకి రాళ్ళు అంటిస్తుంది. నన్ను చూస్తే పలకరిస్తుంది, మంచినీళ్ళు ఇస్తుంది. ఆ విషయం ఎత్తదు. ముసలాయన 2022 నవంబరు 9న పోయాడు. నేను వెళ్ళాను. తలకి పోసుకున్నాను.

అబద్ధం రాయకండి అని చెప్పడానికి ఇదంతా రాయలేదు. ఆ మాట మీకు శిక్షణలోనే చెబుతారు. జాలితోనే రాశాను, అందుకే నాకు అనుమానం రాలేదు. కోడలు వేరే తీరుగా రాయమన్నప్పుడు, ఎందుకమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే ఆమె చెప్పేది. ఆ రోజు కిటికీ దగ్గర ఇంకెవరూ లేరు. వరుసలో తర్వాతి మనిషి పన్నెండూ ఇరవైకి గానీ రాలేదు. రిజిస్టరులో ఉంది.

పోయినవాటి లెక్క ఇది.

పటం ఒకటి. పొడవు ముప్పై ఎనిమిది అడుగుల నాలుగు అంగుళాలు, వెడల్పు మూడు అడుగుల ఒక అంగుళం. బొమ్మలు నలభై ఆరు. అందులో చెడినవి రెండు, బాగున్నవి నలభై నాలుగు. కథ మూడు రోజులది. కాగితం మీద మిగిలింది మొదటి రోజు, రెండో రోజు పొద్దుటి భాగం. చెప్పేవాళ్ళు ఐదుగురు, ఇప్పుడు ఒక్కరూ లేరు. రావలసిన సాయం నలభై వేలు, వచ్చింది సున్నా. సూరత్‌లో ఆ పటం మీద కథ వినవలసిన ఇళ్ళు, ముసలాయన చెప్పిన లెక్క ప్రకారం, రెండు వందల పన్నెండు. అందులో మాదొకటి.